కొత్త క్వార్టర్‌లో పాత వైఫై పేరు

లారీ నుంచి సామాను దిగిన రోజు మా ఇంట్లో మొదట తెరిచేది వంటసామాను పెట్టె. రెండోది వైర్ల పెట్టె. నిరుడు వేసవిలో జోధ్‌పూర్ నుంచి జబల్‌పూర్ వచ్చినప్పుడు ఆ రెండో పెట్టె తెరిస్తే అందులో నాలుగు నల్ల అడాప్టర్లు కనిపించాయి. ఒకటి రౌటర్‌ది, ఒకటి సెట్‌టాప్ బాక్సుది, ఒకటి చెల్లి కీబోర్డుది (వాయించే కీబోర్డు, టైపు చేసేది కాదు). నాలుగోది ఎవరిదో ఇప్పటికీ తెలియదు. విచిత్రం ఏమిటంటే నాలుగింటి పిన్నులూ రౌటర్ రంధ్రంలో చక్కగా పట్టాయి.

పట్టింది కదా అని గుచ్చేస్తే రౌటర్ కాలిపోవచ్చు. రౌటర్ అడుగున దానికి ఎన్ని వోల్టులు కావాలో రాసి ఉంటుంది. కొన్నిటికి 9, కొన్నిటికి 12. అడాప్టర్ మీద ‘అవుట్‌పుట్’ అన్నచోట అదే అంకె ఉండాలి. ఆంపియర్లు మాత్రం రౌటర్ అడిగినన్ని ఉన్నా సరే, అంతకంటే ఎక్కువ ఉన్నా సరే. ఎందుకంటే రౌటర్ తనకు కావలసినంత కరెంటే తీసుకుంటుంది. పిన్నులో లోపలివైపు ప్లస్సా, మైనస్సా అన్నది చిన్న బొమ్మగా వేసి ఉంటుంది, అదీ కలవాలి. పదో తరగతి విద్యుత్తు పాఠం మార్కుల కోసమే అనుకున్నాను కానీ, ఆ రోజు వంటింటి గడప మీద కూర్చుని నిజంగా వాడాల్సి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి అడాప్టర్‌కూ తెల్ల టేపు చుట్టి, దాని మీద పేరు రాసి ఉంటుంది. మీ ఇంట్లోనూ బదిలీ ఆర్డర్లు వచ్చిన రోజే ఆ పని చేసేయండి. సామాను కట్టే రోజున ఎవరికీ తీరదు.

రౌటర్ వెలిగింది. తరువాతి తలనొప్పి మీ అందరికీ తెలిసిందే. కొత్త ఊళ్లో కొత్త కంపెనీ కనెక్షన్, వాళ్లు పెట్టిన కొత్త వైఫై పేరు, సంచీడు అక్షరాల పాస్‌వర్డు. నాన్న ఫోను, అమ్మ ఫోను, చెల్లి ట్యాబ్, ప్రింటర్, టీవీ, అన్నిటికీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ప్రింటర్‌కు అయితే ఆ చిన్న తెర మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చెప్పాలి. దీనికి ఒక సులువు ఉంది. కొత్త రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, పాత ఇంట్లో ఉన్న వైఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా దీనికీ పెట్టేయండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, ఖాళీ జాగాతో సహా. రక్షణ పద్ధతి కూడా పాతదే ఉంచండి, అంటే అక్కడ డబ్ల్యూపీఏ2 ఉంటే ఇక్కడా అదే. అంతే, వస్తువులన్నీ వాటంతట అవే వచ్చి చేరతాయి. అవి చూసేది పేరూ పాస్‌వర్డూ మాత్రమే, ఊరు మారిందని వాటికి తెలియదు. మా ఇంటి వైఫై పేరు సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు చెల్లి పెట్టింది. మూడు రాష్ట్రాలు తిరిగినా అదే పేరు.

ఆ సెట్టింగుల పేజీ తెరిచినప్పుడే ఇంకో పని చేయండి. వైఫై పాస్‌వర్డు వేరు, రౌటర్ తాళం వేరు. ఈ రెండోది చాలా పెట్టెల్లో ‘అడ్మిన్’ అనే ఉంటుంది, లోకమంతటికీ తెలిసిన తాళం అది. దాన్ని మార్చి, కొత్తది నాన్న డైరీలో రాసి పెట్టండి. 

ఇప్పుడు ఆ రౌటర్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో నెట్‌వర్క్ పాఠం ఉంది, అందులోని మాటలన్నీ మన క్వార్టర్స్ జీవితంలో ఉన్నవే. మనం కొత్త ఊరు వెళ్లగానే ఒక గుమస్తా జాబితా చూసి, ఖాళీగా ఉన్న క్వార్టర్ నంబరు ఒకటి కేటాయిస్తాడు. ఖాళీ చేసి వెళ్లాక అదే నంబరు ఇంకొకరికి వెళుతుంది. రౌటర్‌లో ఈ గుమస్తా పేరు డీహెచ్‌సీపీ. మీ ఫోను వైఫైలోకి రాగానే ‘నాకో నంబరు ఇవ్వండి’ అని అడుగుతుంది. గుమస్తా 192.168.1.7 లాంటి నంబరు ఒకటి కొంతకాలానికి రాసిస్తాడు. దాన్నే ఐపీ చిరునామా అంటారు. రౌటర్ తనకు తాను సాధారణంగా ఆ వరుసలో మొదటి నంబరు, 192.168.1.1, ఉంచుకుంటుంది. కొన్ని కంపెనీల రౌటర్లలో అది 192.168.0.1.

మా క్వార్టర్ నంబరు 7 అయితే, దేశంలో ఇంకా ఎన్నో కాలనీల్లోనూ 7వ నంబరు ఉంటుంది. కాలనీ పేరు లేకుండా ఉత్తరం రాస్తే చేరదు. ఇంటి లోపలి ఐపీ చిరునామాలూ అంతే. 192.168తో మొదలయ్యేవాటిని ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల ఎవరైనా వాడుకోవచ్చని 1996లో నియమంగా రాసుకున్నారు. అవి గేటు దాటి బయటికి వెళ్లవు. ఇలా ఎందుకు చేశారంటే, పాత పద్ధతి ఐపీ చిరునామాలో 32 బిట్లు ఉంటాయి. రెండును 32 సార్లు గుణిస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. పెద్ద సంఖ్యే, కానీ మనుషులే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒకటికి రెండు పరికరాలు. అందుకని ఇల్లంతటికీ బయట ఒకే చిరునామా. లోపల ఎవరు ఏ పేజీ అడిగారో రౌటర్ తన పుస్తకంలో రాసుకుని, జవాబు రాగానే వాళ్లకే అందిస్తుంది. కాలనీ గేటు దగ్గర పార్సిల్ అందుకుని ఇంటింటికీ చేర్చే గార్డు లాగా. ఈ పనిని న్యాట్ అంటారు. పరీక్షలో దీని మీద రెండు మార్కుల ప్రశ్న వస్తే ఈ గార్డును గుర్తు తెచ్చుకోండి, కానీ గార్డు అని మాత్రం రాయకండి.

సొంత రౌటర్ వెంట తెచ్చుకునేవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. కంపెనీ పెట్టె ఇప్పటికే 192.168.1 వరుస పంచుతూ ఉంటుంది. దాని వెనక మన రౌటర్ పెడితే ఇదీ అదే వరుస పంచాలని చూస్తుంది. ఒకే కాలనీకి ఇద్దరు గుమస్తాలు అన్నమాట. బయటి నంబరూ లోపలి నంబరూ ఒకేలా కనిపించేసరికి రౌటర్ తికమకపడి నెట్ ఆగిపోతుంది. మన రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలోకి మారిస్తే గొడవ తీరుతుంది. అప్పుడది నంబర్లు పంచే పని మానేసి వైఫై మాత్రం ఇస్తుంది.

క్వార్టర్ల గోడల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మా ఇప్పటి ఇల్లు పాతకాలంది. మేకు కొడితే మేకే వంగుతుంది. కంపెనీ మనిషి ఫైబర్ తీగను ముందుగదిలోకి తెచ్చి, పెట్టెను తలుపు వెనక బిగించి వెళ్లాడు. చదువుకునే గది వెనక ఉంది. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. వైఫై ఎక్కువగా రెండు రకాల తరంగాల మీద వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగించి మీరే చూసుకోవచ్చు. పొడుగు తరంగం గోడల్ని కొంచెం మెరుగ్గా దాటుతుంది, పొట్టిది వేగంగా పనిచేస్తుంది కానీ గోడ ఎదురైతే నీరసపడుతుంది. ఇనప బీరువా ముందు మాత్రం రెండూ ఒకటే, తగిలి వెనక్కి తిరుగుతాయి. మేం చేసిందల్లా బీరువాను పక్కగోడకు జరపడం, పెట్టెను తలుపు వెనక నుంచి తీసి షెల్ఫ్ పైన పెట్టడం. సగం కష్టం అక్కడే తీరింది. 2.4లో పక్కిళ్లవాళ్ల వైఫైలు కూడా అడ్డొస్తాయి. అందులో ఒకదాన్నొకటి తగలని చానళ్లు 1, 6, 11, ఈ మూడే. వరుస ఇళ్లలో అందరూ ఒకే చానల్ మీద ఉంటే ఒకేసారి అందరూ మాట్లాడినట్టే.

మిగతా సగానికి తీగ లాగాం. నా మాట నమ్మండి, ఇంట్లో కదలకుండా ఉండే కంప్యూటర్‌కు తీగే మేలు. మార్కెట్‌లో క్యాట్ 5ఈ అని అడిగితే ఇస్తారు. అది సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని 100 మీటర్ల దాకా మోస్తుంది, మన క్వార్టర్‌కు ఇరవై మీటర్లు చాలు. గోడకు బెజ్జం పెట్టకూడదు, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి అప్పగించాలి కదా. అందుకని గోడ అడుగున, గడపల పక్కగా, క్లిప్పులతో తీసుకెళ్లాం.

తీగ చివర ప్లగ్గు బిగించడం నేర్చుకోవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి మెలిపెట్టి నాలుగు జతలుగా ఉంటాయి. మెలి ఊరికే పెట్టలేదు. బయటి విద్యుత్ అలజడి రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతల చివర రెండింటి తేడానే చూస్తారు కాబట్టి ఆ అలజడి కొట్టుకుపోతుంది. ప్లగ్గు క్లిప్పు వెనకవైపుకు, బంగారు రంగు పలకలు మనవైపుకు, తీగ దూరే నోరు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరుస ఉండాలి. మొదటి ప్రయత్నంలో నాకు దీపం వెలిగింది, నెట్ వచ్చింది, నేను గొప్పగా అమ్మను పిలిచి చూపించాను. తరువాత చూస్తే వేగం గిగాబిట్ కాదు, అందులో పదో వంతు, 100 మెగాబిట్లు. ఏడో తీగ లోపలిదాకా చేరలేదు. 100 మెగాబిట్లకు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. అందుకే ఏదో ఒకటి పనిచేస్తోంది కదా అని తప్పు బయటపడలేదు. ప్లగ్గు కత్తిరించి మళ్లీ బిగించాను. ప్లగ్గు ఒకసారి నొక్కాక తిరిగి రాదు, పది కొనుక్కోండి.

నెట్ రానప్పుడు మా ఇంట్లో అందరూ చేసే పని రౌటర్ ఆపి మళ్లీ వేయడం. తప్పు లేదు కానీ జబ్బెక్కడుందో దానివల్ల తెలియదు. కంప్యూటర్‌లో కమాండ్ తెర తెరిచి ‘పింగ్’ అనే మాట, పక్కన రౌటర్ నంబరు కొట్టండి. జవాబు వస్తే మీ తీగ, మీ వైఫై బాగున్నాయి. రాకపోతే జబ్బు ఇంట్లోనే ఉంది, కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. జవాబు వచ్చింది, ఇప్పుడు బయటి నంబరు ఒకటి, 8.8.8.8, కొట్టండి. ఇది గూగుల్ వాళ్ల యంత్రం, పిలిస్తే పలుకుతుంది. ఇక్కడ ఆగిపోతే గేటు బయట ఏదో తెగింది. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్నచోట ఎర్ర దీపం కూడా కనిపిస్తే కాంతి రావడం లేదన్నమాట, కంపెనీకి ఆ మాటే చెప్పండి. అదీ పలికితే ఇక ఏదైనా వెబ్‌సైటు పేరుతో పింగ్ చేయండి. నంబరుకు పలికి పేరుకు పలకకపోతే, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు. ఫోన్ పుస్తకం పోయింది కానీ ఫోన్ బాగానే ఉంది. ఈ మూడు మెట్లు నేర్చుకున్నాక, తెనాలిలో తాతయ్యతో వీడియో కాల్ మధ్యలో ఆగిపోతే ‘మనవైపా, ఆయనవైపా’ అని అమ్మ నన్నే అడుగుతోంది.

ఇక రెండో కథ. మా డెస్క్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10 నడిచేది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ముగిసిందంటే కంప్యూటర్ ఆగిపోయిందని కాదు, కొత్తగా బయటపడే కన్నాలకు మాటు వేసేవాళ్లు ఉండరని. ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, నమోదు చేసుకున్నవాళ్లకు భద్రత మాట్లు ఇస్తామన్నారు. అది గడువు పొడిగింపే, పరిష్కారం కాదు. విండోస్ 11కు వెళదామంటే టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవే అధికారికంగా ఒప్పుకుంటారు. మాది నాలుగో తరం. దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి కానీ, రేపు ఏ అప్‌డేట్ నిలిచిపోతుందో తెలియని యంత్రాన్ని ఇంటిల్లిపాదికీ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. కొత్తది కొందామంటే నాన్న ‘వచ్చే బదిలీ తరువాత చూద్దాం’ అన్నారు. మా ఇంట్లో పెద్ద ఖర్చులన్నీ వచ్చే బదిలీ తరువాతే.

అప్పుడు లినక్స్ మాట వచ్చింది. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది ఇది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అడుగున ఉన్నది ఇదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లు అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. కాబట్టి ‘ఇది సీరియస్ పనులకు పనికొస్తుందా’ అన్న నాన్న ప్రశ్నకు జవాబు సులువే. ‘మన పనులకు పనికొస్తుందా’ అన్నదే అసలు ప్రశ్న.

దానికి ముందు కాగితం తీసుకుని, ఈ కంప్యూటర్ మీద ఎవరు ఏం చేస్తున్నారో రాశాను. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవడం అంటే చాలామంది అందాన్ని చూస్తారు, ఈ జాబితా రాయరు. నాకు పైథాన్, మైఎస్‌క్యూఎల్ కావాలి. రెండూ లినక్స్‌లో ఉన్నాయి. చెల్లికి ఐటీ సబ్జెక్టు, అందులో నేర్పేది లిబ్రె ఆఫీసే, అది ముందుగానే ఎక్కించి వస్తుంది. అమ్మకు బ్రౌజర్, వీడియో కాల్, ప్రింటర్. నాన్న జాబితాలో మాత్రం చిక్కు దొరికింది. డిజిటల్ సంతకం కోసం యూఎస్‌బీ టోకెన్ ఒకటి ఉంది, ఆ పని నడిచే సాఫ్ట్‌వేర్ విండోస్‌కు చేసింది. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల బ్రౌజర్లు కూడా అంతే. అందుకని నాన్న ల్యాప్‌టాప్ జోలికి పోలేదు, అది విండోస్‌లోనే ఉంది. డెస్క్‌టాప్ ఒక్కటే మార్చాలని తేల్చాం. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అయి, అలాంటి టోకెన్ కూడా ఉంటే, నేనైతే తొందరపడను.

లినక్స్‌లో రకాలు బోలెడు. నేను రెండు చూశాను. ఒకటి బాస్. మన సీడాక్ తయారుచేసింది, భారతీయ భాషల మీద శ్రద్ధ పెట్టింది, మెనూలు తెలుగులో చూడాలని ఉంటే దాన్ని తప్పకుండా చూడండి. రెండోది మింట్. అలవాటైన చోటే మెనూ, అలవాటైన చోటే గడియారం ఉంటాయి కాబట్టి అమ్మకు కొత్తగా నేర్పేది తక్కువ. మింట్ 22కు 2029 దాకా మద్దతు ఉంది. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అన్న తేలిక రకం తీసుకున్నాను, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం కదా.

వీటిని ఎక్కించకుండానే రుచి చూడవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాసి, కంప్యూటర్ వేసేటప్పుడు ఎఫ్12 లాంటి మీట నొక్కి (ఒక్కో కంపెనీకి ఒక్కో మీట) పెన్‌డ్రైవ్ నుంచి నడిపించాలి. మీ డిస్క్ ముట్టుకోదు. అప్పుడు వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్, తెలుగు అక్షరాలు వరుసగా చూసుకోండి. వేగాన్ని మాత్రం అప్పుడే తీర్పు చెప్పకండి, పెన్‌డ్రైవ్ నుంచి ఏదైనా నెమ్మదే. నిజానికి పాత కంప్యూటర్‌కు ప్రాణం పోసేది ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ఎస్‌ఎస్‌డీ. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్ బదులు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని పెడితే తేడా చెల్లికి కూడా తెలిసింది. పాత హార్డ్ డిస్క్‌ను ఫొటోల కోసం అలాగే ఉంచేశాను.

నేను తప్పు చేసింది అక్కడే.

దీపావళి సెలవుల్లో మధ్యాహ్నం పూట ఎక్కించడం మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో ఇప్పుడు రెండు డిస్కులు. ఇన్‌స్టాలర్ ‘డిస్క్ మొత్తం చెరిపి ఎక్కించనా’ అని అడిగి, ఏ డిస్కో ఎంచుకోమంది. జాబితాలో ఒకటి ఎస్‌డీఏ, ఇంకొకటి ఎస్‌డీబీ. ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాల్సింది ఎస్‌ఎస్‌డీలో కాబట్టి మొదటిది అదే అయి ఉంటుందని ఎస్‌డీఏ నొక్కాను. ఆ పేర్లు ఎక్కువగా తీగలు ఏ సాకెట్‌లో ఉన్నాయన్నదాన్ని బట్టి వస్తాయి, మొదటి సాకెట్‌లో ఉన్నది పాత హార్డ్ డిస్క్. పేరు పక్కనే 500 జీబీ అని రాసి ఉంది. చూడలేదు. ‘నిజంగా చెరపమంటారా’ అని ఇంకోసారి అడిగింది. చెరపమన్నాను.

సికింద్రాబాద్ ఫొటోలు పాత డీవీడీల్లో ఉన్నాయి. జబల్‌పూర్‌వి ఫోన్లలో ఉన్నాయి. జోధ్‌పూర్‌వి, మొత్తం మూడేళ్లవి, ఆ డిస్క్‌లో తప్ప ఎక్కడా లేవు. మీలో బదిలీ అయినవాళ్లకు దాని అర్థం వేరేగా చెప్పక్కర్లేదు. అక్కడ నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు, వాళ్ల నాన్నకూ బదిలీ అయింది. వాడి ముఖం ఉన్నది ఆ డిస్క్‌లోనే. సాయంత్రం నాన్నకు చెప్పాను. తిట్టలేదు. ‘ఇప్పుడు దాన్ని ఆపేసి అలా ఉంచు, ఇంకేం నొక్కకు’ అన్నారు. ఆయనకు కంప్యూటర్లు పెద్దగా తెలియవు, కానీ ఆ సమయంలో చేయాల్సింది సరిగ్గా అదే.

ఎందుకంటే చెరపడం అంటే నిజంగా తుడవడం కాదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు. పేజీలు అక్కడే ఉంటాయి, వాటి మీద కొత్తది రాసేదాకా. ఎక్కించిన మింట్ కొన్ని జీబీలు ఆక్రమించింది, అక్కడున్నవి పోయినట్టే. మిగతా చోట ఇంకా మిగిలి ఉండవచ్చు. డిస్క్‌ను తీసి పక్కన పెట్టి, మింట్‌ను ఈసారి ఎస్‌ఎస్‌డీలో ఎక్కించి, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాను. అది విషయసూచికను పట్టించుకోదు. ప్రతి పేజీ తిరగేసి, ఫొటో ఎలా మొదలవుతుందో ఆ గుర్తులు వెతుకుతుంది. దొరికినవాటిని వేరే డిస్క్‌లోకే రాయాలి, అదే డిస్క్‌లోకి రాస్తే మిగతావాటి మీద మనమే మట్టి పోసినట్టు. చెరిగింది హార్డ్ డిస్క్ కావడం మా అదృష్టం. ఎస్‌ఎస్‌డీలు ఖాళీ అయిన చోటును తామే తుడిచేసుకుంటూ ఉంటాయి కాబట్టి ఈ పద్ధతికి చాలావరకు దొరకవు.

రాత్రంతా నడిచింది. పొద్దున చూస్తే వేల ఫైళ్లు. పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, ఎఫ్ అక్షరం, పక్కన ఏడు అంకెలు, అంతే. కొన్ని సగమే తెరుచుకున్నాయి, పైన ఆకాశం, కింద బూడిద రంగు. బాగున్న వాటిలో మాత్రం కెమెరా రాసిపెట్టిన తేదీ లోపలే ఉంటుంది, దాన్ని బట్టి నెలలవారీగా విడదీసే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాను. తేదీ లేనివి భోజనాలయ్యాక అందరం కూర్చుని చూస్తున్నాం. చెల్లి తెర వెనక ఉన్న గోడ రంగును బట్టి ఏ ఇల్లో చెబుతుంది. అమ్మ చీరను బట్టి ఏ పండగో చెబుతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫొటోలున్న డిస్క్ తీగను ముందే ఊడదీసి ఉంటే ఇదంతా లేదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, రెండు తీగలు లాగితే చాలు. ఒక్క నిమిషం పని. లేని డిస్క్‌ను ఎవరూ చెరపలేరు. దానికీ ముందు, కాపీ తీసి ఉండాల్సింది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట అని లెక్క చెబుతారు. మా లెక్క ఇప్పుడు ఇలా ఉంది: డెస్క్‌టాప్‌లో ఒకటి, నాన్న ల్యాప్‌టాప్‌లో ఒకటి, మూడోది తెనాలిలో తాతయ్య బీరువాలో పెట్టబోయే బయటి హార్డ్ డిస్క్. వేసవి సెలవులకు వెళ్లిన ప్రతిసారీ దాన్ని తాజా చేస్తాం. మన ఇల్లు కదులుతుంది, తాతయ్య ఇల్లు కదలదు.

ఇక్కడే నెట్‌వర్కూ ఆపరేటింగ్ సిస్టమూ కలుస్తాయి. మింట్‌లో ఒక ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి పంచుకునేలా పెట్టాను. దాని వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్ పేరు సాంబా. ఎస్, ఎం, బీ అనే అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు వెతికితే దొరికిన పేరట, సాంబారుకు సంబంధం లేదు. దీనివల్ల నాన్న విండోస్ ల్యాప్‌టాప్‌కు డెస్క్‌టాప్ ఫోల్డర్ పక్కగదిలో ఉన్న అలమరాలా కనిపిస్తుంది. అయితే డెస్క్‌టాప్ నంబరు రోజుకొకటిగా మారితే వెతుక్కోవాలి. అందుకని రౌటర్‌లోని గుమస్తాకు ‘ఈ యంత్రానికి ఎప్పుడూ 192.168.1.50 ఇవ్వు’ అని చెప్పాను. రిజర్వేషన్ అంటారు దాన్ని. ఊరు మారినప్పుడు కొత్త రౌటర్‌కూ ఇదే చెప్పాలి, అడాప్టర్ టేపు పక్కనే ఈ నంబరు కూడా రాసిపెట్టాను.

ఈ వ్యాసం ఆ డెస్క్‌టాప్ మీదే టైపు చేశాను. మింట్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఎంచుకుంటే చాలు. జోధ్‌పూర్‌లో హిందీ టైపింగ్ నేర్చుకున్నప్పుడు ఏడ్చినంత పనైంది కానీ అది ఇప్పుడు అక్కరకొచ్చింది. ఇన్‌స్క్రిప్ట్‌లో భారతీయ లిపులన్నిటికీ దాదాపు ఒకటే అమరిక, హిందీ ‘క’ ఉన్న మీట మీదే తెలుగు ‘క’ ఉంటుంది. చేతులు హిందీలో నేర్చుకున్నాయి, తెర మీద తెలుగు వస్తోంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనవాళ్లకు ఆర్‌టీఎస్ అనే పద్ధతి కూడా దొరుకుతుంది, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేసుకున్నది.

‘తెలియనివి’ అన్న ఫోల్డర్‌లో ఇంకా మూడొందల పైచిలుకు ఫొటోలు మిగిలాయి. మొన్న ఆదివారం అందులో ఒకటి తెరిస్తే పైసగం మాత్రం వచ్చింది. స్కూలు బస్సు కిటికీ, బయటికి చాచిన ఒక చెయ్యి, చేతికి ఎర్ర దారం, ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు. ఆ దారం నాకు తెలుసు. ఫోల్డర్ మార్చి, పేరు రాశాను.